ఫారో వేషంలో గ్రీకు రాజు

మా మేనల్లుడు కంప్యూటర్లో 'రోమ్: టోటల్ వార్' ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. 2004లో క్రియేటివ్ అసెంబ్లీ వాళ్ళు తయారుచేసిన ఆట ఇది. 2021లో ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్ళు మెరుగులు దిద్ది 'రీమాస్టర్డ్' పేరుతో మళ్ళీ విడుదల చేశారు. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, వర్తకులు కొత్తగా చేరారు, ఆడటానికి వీలున్న రాజ్యాలూ పెరిగాయి. ఈజిప్టు మాత్రం అలాగే ఉంది!

ఆట మొదలయ్యేది క్రీ.పూ. 270లో. ఈజిప్టు సైన్యమేమో రథాలెక్కి, ఫారో పేరు పెట్టుకున్న విలుకాండ్రతో వస్తుంది. అది రెండవ రామ్సెస్ నాటి వేషం, అంటే వెయ్యేళ్ళ కిందటిది. క్రీ.పూ. 270లో అక్కడి రాజు రెండవ టోలెమీ. మాసిడోనియా వంశం, గ్రీకు భాష, రాజధాని అలెగ్జాండ్రియా. అశోకుడి 13వ శిలాశాసనంలో కనిపించే 'తురమాయ' ఈయనేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ 14 శాసనాలూ మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నాయి. తిరుపతికి ఏటా వెళ్ళేవాళ్ళు ఒక్కసారి అక్కడా దిగి చూస్తే బాగుండును.

ఆ రాజ్యం ఎలా యుద్ధం చేసేదో మనకు బాగానే తెలుసు. క్రీ.పూ. 217లో రఫియా దగ్గర నాలుగవ టోలెమీ, సిరియా రాజు మూడవ ఆంటియోకస్ తలపడ్డారు. గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ లెక్క ప్రకారం టోలెమీకి 70 వేల కాల్బలం, 5 వేల గుర్రాలు, 73 ఏనుగులు. అవతలివైపు 102 ఏనుగులు, అవన్నీ మన దేశపు ఏనుగులు. స్థానిక ఈజిప్షియన్లు సుమారు 20 వేల మందికి మాసిడోనియా పద్ధతిలో పొడవాటి బల్లేలతో తర్ఫీదు ఇచ్చారు. ఆ లెక్కలో రథం ఒక్కటీ లేదు.

ఇదంతా చెబితే మావాడు ఒప్పుకోలేదు. "మరి గుడి గోడల మీద టోలెమీలు ఫారోల్లాగే ఉన్నారుగా మావయ్యా" అన్నాడు. మంచి ప్రశ్న. ఎడ్ఫూ గుడి గోపురం మీద పన్నెండవ టోలెమీ ఫారో కిరీటంతో, శత్రువుల జుట్టు పట్టుకుని గదతో బాదుతూ కనిపిస్తాడు. అసలు సంగతి ఏమిటంటే, క్రీ.పూ. 58లో ఈయన్ను సొంత ప్రజలే తరిమేశారు. రోమన్లకు లంచాలు గుమ్మరించి, క్రీ.పూ. 55లో వాళ్ళ సైన్యం అండతో సింహాసనం మళ్ళీ ఎక్కాడు. గోడ మీది వీరుడు అదీ!

ఆ వేషం ఊరికే రాలేదు. దాని బేరసారాలు రోసెట్టా శిల మీద క్రీ.పూ. 196 నాటి తీర్మానంలో రాసే ఉన్నాయి. పదమూడు, పద్నాలుగేళ్ళ అయిదవ టోలెమీ దేవాలయ భూముల మీద పన్ను ఎత్తేశాడు, పూజారులు ఏటా అలెగ్జాండ్రియాకు రావలసిన పని తప్పించాడు. బదులుగా పూజారులు ప్రతి గుడిలో ఆయన విగ్రహం పెట్టి, రోజూ పూజలు చేస్తామన్నారు. దేవుడు ఎలా తయారవుతాడో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే పత్రం నేను చూడలేదు. ఆ తీర్మానం రాసే నాటికి దక్షిణ ఈజిప్టు తిరగబడి పదేళ్ళయింది. క్రీ.పూ. 206 నుంచి 186 దాకా థీబ్స్‌లో స్థానికులే ఫారోలుగా నిలబడ్డారు.

ఆటలో గుడి కడితే నగరంలో అశాంతి తగ్గుతుంది. తయారుచేసిన వాళ్ళకు ఆ మాత్రం తెలిసింది, మెచ్చుకోవాలి. ఆటలోని పూజారి మాత్రం పన్ను రాయితీ అడగడు!

గోడ మీది ప్రచారాన్ని చరిత్ర అనుకోవడం వాళ్ళకే చెల్లిందా? మన టీవీ పౌరాణికాల్లోని బంగారు కిరీటాలు చూసి ప్రాచీన భారతం ఇలాగే ఉండేదని వాదించేవాళ్ళు నాకు ప్రతి సభలో ఎదురవుతారు. ఆటలోని తప్పు దిద్దడానికి మాత్రం జీతం లేని అభిమానులు పూనుకున్నారు. పాత ఆటకు 'యూరోపా బార్బరోరమ్' అనే మార్పుల కూర్పు చేసి, ఫారోల సైన్యాన్ని తీసేసి టోలెమీల రాజ్యాన్ని పెట్టారు.

మావాడు ఇప్పుడు అదే ఆడుతున్నాడు. రథాలు లేవని మొదటి రెండు రోజులు నా మీద గుర్రుగా ఉన్నాడు.