గ్రంథదానము: భాగ్యనగరమున దాని చరిత్ర



పోతనామాత్యుని శ్రీమద్భాగవతమును మనము పన్నెండు స్కంధముల సమగ్ర గ్రంథముగా పారాయణము చేయుచున్నాము. కాని అందు పంచమ స్కంధము గంగనార్యునిది. షష్ఠ స్కంధము ఏర్చూరి సింగనది. ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయవి. పోతన వ్రాసినదానిలో కొంత శిథిలము కాగా వీరు పూరించిరని సంప్రదాయము. శైథిల్యమునకు కారణము రాజాగ్రహమని కొందరు, చెదలని కొందరు చెప్పుదురు. కారణమేదైనను, ఆ తాటాకులకు నాడే పది ఇండ్లలో పది ప్రతులు వ్రాయబడి యున్నచో పూరింపవలసిన పని యుండెడిది కాదని మాకు తోచుచుండును.

తిరుమలలో జరిగినది ఇందుకు వేరైన కథ. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి స్వామి ఆలయమున భండారమందు భద్రముగా ఉండినవి. రాగిని చెదలు ముట్టదు. అయినను శతాబ్దములపాటు ఆ సంకీర్తనలు లోకమునకు దాదాపు తెలియకయే యుండెను. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకములలో రేకులను వెలికితీసి, పండితులు పరిష్కరించి, దేవస్థానమువారు అచ్చువేయించిన పిమ్మటనే అవి మన యిండ్లకు వచ్చినవి. 32,000 సంకీర్తనలని ప్రసిద్ధి. లభించినవి అందులో సగమునకు తక్కువ. దాచుట వేరు, పంచుట వేరు.

మన పాతబస్తీలో పంచుట అన్నది మొదట గుడి మంటపముననే జరిగినది. శాలిబండ, హరిబౌలి, లాల్‌దర్వాజా ప్రాంతముల దేవాలయములకు వచ్చువారికి పురాణశ్రవణము క్రొత్త కాదు. పుస్తకము ఒక్కటి, చదువువారు ఒక్కరు, వినువారు నూరుమంది. అక్షరము రానివారికి సైతము గజేంద్రమోక్షము కంఠస్థమగుట ఈ విధముననే గదా!

అచ్చుయంత్రము వచ్చిన తరువాత కూడ ఈ నగరమున తెలుగు పుస్తకము సులభముగా దొరకలేదు. నిజాం ప్రభుత్వమున రాజభాష మొదట పారసీకము, పిదప ఉర్దూ. తెలుగు పుస్తకములు చాలవరకు మద్రాసునుండి రావలసినవే. ఇట్టి స్థితిలో 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దానికి ప్రాణముపోసినవారిలో ముఖ్యులు. సుల్తాన్‌బజారున అది నేటికిని కలదు. నిజాము రాజధానిలో నెలకొల్పిన పఠనమందిరమునకు ఆముక్తమాల్యద కర్త పేరు పెట్టుటలోని ధైర్యమును పాఠకులు గమనింతురు గాక. 1904లో హనుమకొండయందు, 1905లో సికింద్రాబాదునందు ఇట్టివే వెలసెను.

ఆ ధైర్యము ఎంత అవసరమో 1921 నవంబరులో తెలిసినది. నగరమున వివేకవర్ధిని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార సభలో ఆల్లంపల్లి వేంకట రామారావుగారు తెలుగున ఉపన్యసింప లేవగా సభలోనివారు గేలిచేసి అల్లరిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. గ్రంథాలయములను స్థాపించుట, తాళపత్రములను సేకరించుట దాని పనులైనవి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా గోలకొండ పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. ఉన్నదానిని చూపించుటయే ఆయన యిచ్చిన ఉత్తరము.

మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో, మరియొక నిధి యుండెను. 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయము 1936లో అక్కడి క్రొత్త భవనమునకు చేరి, కాలక్రమమున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. అరబ్బీ, పారసీకము, ఉర్దూ, తెలుగు, సంస్కృతము, మరాఠీ ఒక కప్పుక్రింద ఉండినవి. నయాపూల్ దాటి నడచిపోదగిన దూరమే. అయినను శ్రీకాకుళమునందలి విద్యార్థికి గాని, అమెరికాలోని తెలుగు గృహిణికి గాని ఆ దూరము దాటరానిదే. పైగా ఆనాటి కాగితము ఏటేట పసుపువారి, పట్టుకొనిన విరుగుచుండెను.

చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన శాస్త్రజ్ఞులు రాజ్ రెడ్డిగారు పది లక్షల గ్రంథములను కంప్యూటరులోనికి ఎక్కించి లోకమునకు ఉచితముగా ఈయవలెనని సంకల్పించిరి. 1971లోనే అమెరికాలో మైకేల్ హార్ట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ పేర ఇట్టి పనికి శ్రీకారము చుట్టియుండెను. కాని ఆయన అక్షరములను టైపుచేయించెను, వీరు పుటలను ఛాయాచిత్రములుగా తీయించిరి. ఆ కృషినుండి వెలసిన భారత డిజిటల్ గ్రంథాలయమునకు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక ప్రధాన కేంద్రమైనది. అఫ్జల్‌గంజ్ అలమారలలోని తెలుగు గ్రంథములు పుటవెంట పుట స్కానరు క్రిందికి చేరినవి. తిరుపతిలో దేవస్థానమువారు కూడ ఈ యజ్ఞమున పాల్గొనిరి.

పని పెద్దది; లోపములును పెద్దవే. కొన్ని పుటలు జారిపోయినవి, కొన్ని వంకరగా పడినవి. గ్రంథనామములను ఇంగ్లీషు లిపిలో తోచినట్లు వ్రాయుటచే, ఉన్న పుస్తకము కూడ వెదకువానికి కనబడదు. హక్కుల కాలము తీరని పుస్తకములు సైతము కొన్ని చేరినవి. పరుల సొత్తును పంచుట దానమనిపించుకొనదు గదా! మన చట్టము ప్రకారము రచయిత మరణించిన సంవత్సరము తరువాత అరువది యేండ్లు హక్కు నిలుచును. సురవరంవారు 1953లో దివంగతులైరి. కనుక 2014 జనవరి 1 నుండి వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఎవరైనను చదువవచ్చును, అచ్చువేయవచ్చును, పంచవచ్చును. ఆ గ్రంథమునకు 1955లో తెలుగున తొలి సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

మా దృష్టిలో ఈ చరిత్రయందలి అసలు ఘట్టము దాని తరువాతిది. 2017 ప్రాంతమున భారత డిజిటల్ గ్రంథాలయపు వెబ్‌సైటు ఆగిపోయినది. ప్రభుత్వము, విద్యాసంస్థలు, సంవత్సరముల శ్రమ అన్నియు నుండి కూడ ఒకనాడు తలుపు మూతపడెను. అయినను గ్రంథములు పోలేదు. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థయందు వాటి ప్రతులు లక్షల సంఖ్యలో అప్పటికే చేరుచుండెను. అక్కడ నేటికిని ఉచితముగా చదువుకొనవచ్చును. పోతనగారి తాటాకులకు దొరకని రెండవ ప్రతి వీటికి దొరకినది. తెలుగు వికీసోర్సున ఔత్సాహికులు ఆ ఛాయాచిత్రములను చూచి అక్షరము వెంట అక్షరము సరిచూచి పాఠముగా మార్చుచున్నారు. వీరికి జీతము లేదు, అచ్చులో పేరును లేదు. పూర్వము దీపపు వెలుతురున గంటముతో ప్రతులు వ్రాసిన లేఖకులను తలచుకొనునప్పుడు మేము వీరిని కూడ తలచుకొందుము.

పారాయణమునకై ఇట్టి ప్రతిని తీసికొనువారికి ఒక విన్నపము. తెలుగు అక్షరములతో వెదకి దొరకకున్న నిరాశ చెందక, పేరును ఇంగ్లీషు అక్షరములలో రెండు మూడు విధములుగా వ్రాసి చూడుడు. దొరకిన పిదప మొదటి పుటనుండి చివరి పుటవరకు సంఖ్యలు సరిపోయినవో లేదో చూచుకొనుడు. లేకున్న సప్తాహము నడుమ కథ తెగును. చూపు మందగించిన పెద్దలకు ఫోనులోని పుటను పెద్దదిచేసి చూపుటకంటె, ప్రక్కన కూర్చుండి చదివి వినిపించుట మేలు. అట్లు చదువునపుడు, అనేక ప్రతులలో ముఖపత్రముపై గ్రంథాలయపు గుండ్రని ముద్ర, అంచున పురుగు తొలిచిన రంధ్రము, ఎవరో పాఠకుడు పెన్సిలుతో గీచిన గీత ఛాయాచిత్రమున ఉన్నవున్నట్లు కనబడును.