జింకల తల గాయాల చికిత్సలో స్థానిక మత్తు

గాయపడిన భాగం నుంచి నొప్పిని మెదడుకు చేరవేసే నాడి పక్కన మందు ఎక్కించి, ఆ మేరకే స్పర్శ తెలియకుండా చేయడాన్ని స్థానిక మత్తు అంటారు. పశువైద్యుల వాడుకలో ఇది నర్వ్ బ్లాక్. జంతువును పడుకోబెట్టే మత్తు వేరు, ఇది వేరు. మనిషి చేయి తగిలితేనే బెదిరే జింకకు సాధారణంగా రెండూ అవసరమవుతాయి.

గాయాలు

ఎదకాలంలో మగ దుప్పుల కుమ్ములాట, కుక్కల దాడి, కంచె తీగలు, వాహనాలు ఢీకొనడం తల గాయాలకు ముఖ్య కారణాలు. కొమ్ము విరగడం, కనురెప్ప చీలడం, దవడ ఎముక విరగడం, పుండులో పురుగులు పడటం తరచుగా కనిపిస్తాయి.

మందు పనిచేసే తీరు

ఎక్కువగా వాడేది 2 శాతం లిగ్నోకెయిన్. దీన్ని 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. నాడీకణం పొరలోని సోడియం ద్వారాలను ఇది మూసేస్తుంది, దాంతో నొప్పి సంకేతం అక్కడే ఆగిపోతుంది. కొద్ది నిమిషాల్లో పని మొదలై గంట నుంచి గంటన్నర దాకా ఉంటుంది. బుపివకెయిన్ ఆలస్యంగా పనిచేసినా కొన్ని గంటలపాటు నిలుస్తుంది.

చీము పట్టిన పుండులో ఆమ్లత ఎక్కువ. అక్కడ మందు అణువులు నాడిలోకి సరిగా చొరబడలేవు. పుండు చుట్టూ సూదులు పొడిస్తే సూక్ష్మజీవులు లోపలికి పాకే ప్రమాదమూ ఉంది. అందుకే గాయానికి దూరంగా, ఆరోగ్యకరమైన కణజాలంలో, నాడి ఎముక నుంచి బయటపడే చోట మందు ఇవ్వడం మేలు.

తలలోని నాడులు

తల భాగపు స్పర్శ ప్రధానంగా త్రిధార నాడి శాఖలది. కంటి పైనున్న ఎముక రంధ్రం నుంచి వచ్చే శాఖకు మందిస్తే నుదురు, పై రెప్ప తిమ్మిరెక్కుతాయి. కంటి దిగువన, ముక్కు వైపున్న రంధ్రం దగ్గర ఇస్తే పై పెదవి, ముక్కు పక్క భాగం మొద్దుబారతాయి. కింది పెదవికి ముందరి పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీలోని రంధ్రం దగ్గర ఇస్తారు. ముఖ నాడి శాఖకు ఇచ్చే మందు రెప్పలు కొట్టుకోవడాన్ని మాత్రమే ఆపుతుంది, నొప్పిని ఆపదు. కంటి గాయం కుట్టేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

కొమ్ము దగ్గర

తెలుగులో జింక అనే మాట రెండు కుటుంబాలను కలిపేస్తుంది. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక కొమ్ము ఏటా రాలి మళ్లీ మొలిచే ఎముక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకది రాలని కొమ్ము, ఎముక మీద బోలు తొడుగు. చుక్కల జింక కొమ్ము పెరిగే దశలో దాని మీద మెత్తటి నూగు చర్మం, లోపల రక్తనాళాలు, నాడులు ఉంటాయి. అప్పుడు దెబ్బ తగిలితే విపరీతమైన నొప్పి, రక్తస్రావం. చర్మం రాలి గట్టిపడ్డాక ఆ కొమ్మును మొదలుకు పైన కోసినా నొప్పి తెలియదు.

కొమ్ముకు స్పర్శనిచ్చే నాడులు కంటిగూడు వెనక నుంచి, పైన లోపలి అంచు నుంచి వస్తాయి. వాటి దారి అన్ని జంతువుల్లో ఒకేలా ఉండదు. అందుకే న్యూజిలాండ్ జింకల పెంపక కేంద్రాల్లో నూగు కొమ్ము కోసేటప్పుడు కొమ్ము మొదలు చుట్టూ వలయంలా మందు ఇస్తారు. చుట్టుకొలత ప్రతి సెంటీమీటరుకు 1 మి.లీ. అక్కడి లెక్క.

మోతాదు

ఆ లెక్క అక్కడి పెద్ద ఎర్ర జింకలది. 50 కిలోల చుక్కల జింకకు కిలోకు 5 మి.గ్రా. చొప్పున లిగ్నోకెయిన్ హద్దు 250 మి.గ్రా. 2 శాతం ద్రావణంలో మి.లీ.కు 20 మి.గ్రా. ఉంటుంది కాబట్టి మొత్తం 12.5 మి.లీ. దాటకూడదు. కొమ్ము చుట్టుకొలత 10 సెం.మీ. ఉంటే ఒక్క కొమ్ముకే 10 మి.లీ. ఖర్చవుతుంది. రెండో కొమ్ముకు కావాలంటే సెలైన్ కలిపి పలచన చేయాల్సిందే. మోతాదు మించితే వణుకు, మూర్ఛ వస్తాయి. సూది రక్తనాళంలో పడలేదని పిస్టన్ వెనక్కి లాగి చూశాకే మందు వదలాలి.

జాగ్రత్తలు

రెప్ప ఆడుతోందా, పెదవి ఒకవైపు వాలిందా అన్నది మత్తుకు ముందే చూసుకోవాలి. తర్వాత చూస్తే లోపం దెబ్బదో మందుదో తేలదు. లొంగదీయడానికి జైలజిన్ ఒంటరిగా గానీ కెటమిన్‌తో గానీ వాడతారు. జైలజిన్ మాత్రమే ఇచ్చిన జింక నిద్రపోతున్నట్టే ఉండి సూది పోటుకు ఒక్కసారిగా లేచి దూకవచ్చు. కళ్లకు గుడ్డ కట్టి, బోర్లా కూర్చున్నట్టు ఉంచి, మెడ ఎత్తుగా, ముక్కు కిందికి ఉండేలా పట్టుకుంటే నెమరు ద్రవం శ్వాసనాళంలోకి పోదు. పొట్ట ఉబ్బుతోందేమో గమనిస్తూ ఉండాలి. వెంటాడి పట్టిన జింక కండరాలు దెబ్బతిని, గాయం మానుతున్నా రోజుల తర్వాత చనిపోవచ్చు. చికిత్స పూర్తికాగానే జైలజిన్‌కు విరుగుడుగా యోహింబిన్ లేదా అటిపమెజోల్ ఇస్తారు. రెప్పలు పనిచేయని సమయంలో కన్ను ఎండకుండా మందు రాస్తారు.

భారతదేశంలో జింకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, చికిత్స చేయడం అటవీ శాఖ పర్యవేక్షణలో పశువైద్యులు చేయాల్సిన పని.