గని మూతపడ్డాక ముసలితనం

కోలారు బంగారు గనులనగానే ఛాంపియన్ రీఫ్ లోతూ, 1902లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటూ చెప్పుకుంటాం. గనిలో దిగినవాడికి వయసు మీరితే చూసిందెవరు? ఆ చరిత్ర మీ ఇళ్లలోనే ఉంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది మొదలు ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు చెడి ఇంట్లో కూర్చున్న తండ్రికి, అదే గనిలో దిగే కొడుకు జీతం ఆసరా. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. పిల్లలు మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు మళ్లారు. పెద్దలు చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

మరి మందుల ఖర్చు ఎవరిది? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో మనోవర్తి భార్యాబిడ్డలకే. తల్లిదండ్రులను 1973 కోడు చేర్చింది. పెళ్లయిన కూతురికీ బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. 2007లో పెద్దల పోషణకు ప్రత్యేక చట్టమే వచ్చింది. దాని ప్రకారం అర్జీ అసిస్టెంట్ కమిషనర్ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. లాయరును పెట్టుకుని తీరాలన్న నియమం లేదు. కొడుకు కుప్పంలో ఉన్నా హోసూరులో ఉన్నా, తల్లి తానుండే జిల్లాలోనే అడగవచ్చు. మన సరిహద్దు ఊళ్లకు ఇదెంతో మేలు. భృతికి మాత్రం నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు. మంచం పట్టిన మనిషికి ఆయాను పెడితే అది ఏ మూలకు?

అందుకే ఇంటి సంగతి ముందే చూసుకోవాలి. "నీ పేర రాసిస్తాను, నన్ను చూసుకో నాయనా" అని నోటిమాట మీద దానపత్రం రిజిస్టరు చేయించేవారున్నారు. చూసుకోకపోతే ఆ దానం రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్ ఇస్తుంది. అయితే పోషణ షరతు మీదే ఇచ్చినట్టు రుజువుండాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. చట్టాన్ని పెద్దలకు అనుకూలంగా చూడాలని 2025లో చెప్పిన మాట నిజమే. అయినా కోర్టు దాకా పోవడమెందుకు? తిండి, వైద్యం, ఉండే గది, ఈ మూడూ షరతులుగా దస్తావేజులోనే రాయించండి.

రాసేముందు న్యాయసలహా కావాలా? 1987 చట్టం కింద, 1995 నవంబరు 9 నుంచి, ఉచిత న్యాయసేవ అమల్లో ఉంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేదు, అమ్మ పేర అడిగితే సరి. తాలూకా కోర్టులో న్యాయసేవా సమితిని అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు ఇంటి కాగితాలు, గని నాటి సర్వీసు కాగితాలు, ఆసుపత్రి చీటీలు వెంట ఉంచుకోండి.