ఎలీ శామ్యూల్ పార్కర్

ఎలీ శామ్యూల్ పార్కర్ (1828 - ఆగష్టు 31, 1895) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సెనెకా తెగ నాయకుడు, సివిల్ ఇంజనీరు మరియు సైనికాధికారి. అమెరికా అంతర్యుద్ధాన్ని (1861-1865) ముగింపు దశకు చేర్చిన లొంగుబాటు షరతుల తుది ప్రతిని వ్రాసింది ఈయనే. అప్పటికి ఆ దేశ చట్టం ఈయన తెగవారిని పౌరులుగా గుర్తించలేదు.

బాల్యము, విద్య

పార్కర్ న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండాలో జన్మించాడు. తెగలో ఈయన పేరు హసానోవాండా. సెనెకాలు ఇరాక్వాయ్ సమాఖ్యలోని ఆరు తెగలలో ఒకరు. బాప్టిస్టు మిషన్ పాఠశాలలో చదువు ప్రారంభించిన పార్కర్ ఆంగ్లంలో మంచి ప్రావీణ్యం సంపాదించాడు. తరువాత న్యాయశాస్త్రం అభ్యసించినా, పౌరసత్వం లేదన్న కారణంతో న్యాయవాదిగా అనుమతి లభించలేదు. అందువలన ఇంజనీరింగు వృత్తి చేపట్టాడు. మానవ శాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ ఇరాక్వాయ్‌లపై వ్రాసి 1851లో ప్రచురించిన గ్రంథానికి ఈయన ఎంతో సహకరించాడు. మోర్గన్ ఆ గ్రంథాన్ని ఈయనకే అంకితమిచ్చాడు.

భూముల కొరకు పోరాటము

1838, 1842 ఒప్పందాల ప్రకారం టొనవాండా భూములు ఆగ్డెన్ భూముల కంపెనీకి చెందవలసి ఉంది. టొనవాండా పెద్దలు వీటిని అంగీకరించలేదు. యుక్తవయస్సులోనే పార్కర్ వారికి దుబాసీగా ఆల్బనీ, వాషింగ్టన్ నగరాలకు వెళ్ళి వాదన వినిపించాడు. 1851లో సమాఖ్య ప్రధాన నాయకులలో ఒకడిగా ఎన్నికై, "పశ్చిమ ద్వార రక్షకుడు" అనే హోదాను సూచించే డొనెహొగావా బిరుదనామం పొందాడు. కంపెనీ తనంతట తానుగా సెనెకాలను వెళ్ళగొట్టరాదని 1857లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. అదే సంవత్సరం కుదిరిన ఒప్పందం ద్వారా, కాన్సాస్‌కు తరలించేందుకు కేటాయించిన ధనంతో తెగవారు సుమారు 7,500 ఎకరాలను తిరిగి కొనుక్కున్నారు.

సైనిక జీవితము

ఇల్లినాయ్ రాష్ట్రంలోని గలీనాలో ప్రభుత్వ భవన నిర్మాణాలను పర్యవేక్షిస్తున్న కాలంలో పార్కర్‌కు యులిసిస్ గ్రాంట్‌తో స్నేహం కలిగింది. అంతర్యుద్ధం మొదలైనపుడు సైన్యంలో చేరతానని కోరగా, ఇది తెల్లవారి యుద్ధమని చెప్పి అధికారులు తిరస్కరించారు. గ్రాంట్ మద్దతుతో 1863లో కెప్టెన్‌గా నియమితుడై, విక్స్‌బర్గ్ వద్ద ఇంజనీరుగా పనిచేశాడు. 1864లో లెఫ్టినెంట్ కల్నల్ హోదాతో గ్రాంట్ సైనిక కార్యదర్శి అయ్యాడు. 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అప్పొమాటాక్స్‌లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయాడు. ఆ రోజు గ్రాంట్ పెన్సిలుతో వ్రాసిన షరతులను పార్కర్ సిరాతో శుద్ధప్రతిగా వ్రాశాడు. తరువాత ఈయనకు బ్రిగేడియర్ జనరల్ గౌరవ హోదా లభించింది.

చివరి జీవితము

గ్రాంట్ అధ్యక్షుడైన తరువాత, 1869లో పార్కర్ ఆదివాసుల వ్యవహారాల శాఖకు కమీషనరయ్యాడు. ఈ పదవి చేపట్టిన మొదటి ఆదివాసి ఈయనే. ఆహార సరఫరా కొనుగోళ్ళపై వచ్చిన ఆరోపణలను ప్రతినిధుల సభ సంఘం విచారించి, మోసం జరగలేదని తేల్చింది. అయితే అధికారాలు కుదించబడటంతో 1871లో రాజీనామా చేశాడు. తరువాత వ్యాపారంలో నష్టపోయి, న్యూయార్క్ పోలీసు శాఖలో గుమాస్తాగా పనిచేశాడు.

1895లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్‌లో మరణించాడు. 1897లో ఈయన అవశేషాలను బఫెలో నగరంలో, సుప్రసిద్ధ సెనెకా వక్త రెడ్ జాకెట్ సమాధి చెంత తిరిగి ఖననం చేశారు. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వమిచ్చే చట్టం 1924లో, అనగా ఈయన మరణించిన 29 సంవత్సరాల తరువాత వచ్చింది. పార్కర్ కాపాడిన టొనవాండా భూమిలో సెనెకాలు నేటికీ నివసిస్తున్నారు.