లండన్ డీజిల్ కథ

ఊళ్ళో గాలి బాగుచేయడం, భూమి వేడెక్కకుండా చూడటం - రెండూ ఒకటే పని అనుకుంటాం. రెండూ పొగతో వచ్చిన తంటాలే కదా! కానీ ఒకదాని లెక్క చూస్తూ రెండోదాన్ని వదిలేస్తే ఏమవుతుందో తెలియాలంటే లండన్ చరిత్ర చూడాలి.

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ని పొగమంచు కమ్మేసింది. గాలి కదల్లేదు. ఇళ్ళల్లో, కరెంటు కేంద్రాల్లో కాల్చిన బొగ్గు పొగ ఊరి మీదే ఉండిపోయింది. దాదాపు 4000 మంది పోయారని అప్పట్లో తేల్చారు, తర్వాతి అంచనాలు 12000 దాకా వెళ్ళాయి. దాంతో 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. ఫలానా పేటలో పొగ రాకూడదు అని ప్రకటించే అధికారం స్థానిక కౌన్సిళ్ళకి దక్కింది. పొయ్యిలు మార్చుకోడానికి ఇంటివాళ్ళకి డబ్బు సాయం కూడా చేశారు.

జనం మెల్లిగా బొగ్గు మానేశారు. 1967 నుంచి ఓ పదేళ్ళలో నార్త్ సీ గ్యాస్ ఇళ్ళల్లోకి వచ్చేసింది. అంతే వేడికి బొగ్గుతో పోలిస్తే గ్యాస్ వదిలే కార్బన్ డయాక్సైడు సుమారు సగం. అంటే వాతావరణ మార్పు గురించి ఎవరూ ఆలోచించని రోజుల్లోనే ఒకే దెబ్బకి రెండు పిట్టలన్నమాట.

అసలు తిరకాసు తర్వాత మొదలైంది. 1997 క్యోటో ఒప్పందం తర్వాత అందరి దృష్టీ కార్బన్ మీద పడింది. 2001లో బ్రిటన్ ప్రభుత్వం కొత్త కార్ల మీద ఏటా వేసే పన్నుని కార్బన్ డయాక్సైడుకి ముడిపెట్టింది. డీజిల్ కారు మైలేజీ ఎక్కువ, కాబట్టి కిలోమీటరుకి కార్బన్ తక్కువ, పన్నూ తక్కువ. ఇంకేం, జనం డీజిల్ వెంట పడ్డారు. 2000లో కొత్త కార్లలో ఏడింట ఒకటి డీజిల్‌ది, 2011కల్లా సగం దాటాయి. కానీ డీజిల్ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి ఆ పన్ను లెక్కలో లేవు!

ఇది దేశ ప్రభుత్వం తప్పు అని ఊరుకోడానికీ లేదు. లండన్ నగరం 2003లో నడిబొడ్డుకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టింది. 2011లో కిలోమీటరుకి 100 గ్రాముల లోపు కార్బన్ వదిలే కార్లకి ఆ రుసుము మాఫీ చేసింది. యూరో 5 అయితే చాలు, చిన్న డీజిల్ కార్లకీ మాఫీయే. 2013లో ఆ రాయితీ ఎత్తేశారు.

అదే 2013లో సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర ఉండే తొమ్మిదేళ్ళ పాప ఉబ్బసంతో చనిపోయింది. ఆ చావుకి వాయు కాలుష్యం కూడా కారణమని, అందులో ముఖ్యమైనది వాహనాల పొగ అని 2020లో కరోనర్ తేల్చాడు. గ్రాముల లెక్క తేడా కొడితే ఎక్కడ తేలుతుందో చూడండి.

2019లో యులెజ్ వచ్చింది. పెట్రోల్ కారు యూరో 4, డీజిల్ కారు యూరో 6 అయ్యుండాలి, లేదంటే రోజుకి 12.50 పౌండ్లు. 2021లో, 2023లో దాన్ని పెంచుకుంటూ ఊరంతా తెచ్చారు. గొడవలయ్యాయి, కోర్టుకీ వెళ్ళారు. కానీ 2024లో లండన్ మొదటిసారి నైట్రోజన్ డయాక్సైడు చట్టపరిమితి లోపలికి వచ్చింది. అయితే ఇదీ సగం లెక్కే. పాత పెట్రోల్ కారు ఎంత కార్బన్ వదిలినా యులెజ్ పట్టించుకోదు.

మన దగ్గర 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఉన్నాయి. దాని లక్ష్యాలు ధూళికణాల్లో ఉన్నాయి, కార్బన్‌లో కాదు. ధూళి ఒక్కటే లెక్కయితే రోడ్లు ఊడ్చి, నీళ్ళు చల్లి కూడా అంకె తగ్గించొచ్చు. బస్సులు పెంచితే, చెత్త తగలబెట్టడం ఆపితే రెండు లెక్కలూ తగ్గుతాయి. మునిసిపాలిటీ ఏ పథకానికి డబ్బు పెట్టినా పక్కపక్కనే రెండు గడులు గీసి, రెండూ నింపాకే సంతకం పెట్టాలి. లండన్‌లో 2001లో ఆ రెండో గడి ఉండుంటే డీజిల్‌కి అంత రాయితీ దక్కేది కాదేమో.