ఏ రకం?

రామచంద్రపురంలో డిగ్రీ అమ్మాయిలకు సి భాష చెబుతూ, సిలబస్‌లో లేకపోయినా అదాను తలుస్తాను. అదా లవ్‌లేస్ పేరుతో అమెరికా రక్షణశాఖ చేయించిన భాష. రెండింట్లోనూ దేన్ని వాడాలన్నా ముందు దాని రకం ప్రకటించాలి. హద్దు దాటితే మాత్రం సి చూడనట్టు పోతుంది, అదా నిలదీస్తుంది.

భాష ఎంత గట్టిదైనా ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలో రాసేవాళ్లే చెప్పాలి కదా. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఎలేన్ హెర్జ్‌బర్గ్‌ని ఉబర్ పరీక్షిస్తున్న డ్రైవర్‌లెస్ కారు గుద్ది చంపింది. ఆమెను అది ఓసారి వాహనమనుకుంది, ఓసారి సైకిలనుకుంది. జీబ్రా గీతల్లేనిచోట మనుషులు దాటతారన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదు. కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టలేదు. 2023లో శిక్ష పడింది కారులో ఫోన్ చూస్తూ కూర్చున్న ఉద్యోగినికే.

ఇలాంటి బండ్లకు ఐఐటి హైదరాబాద్‌లో 2022లో పరీక్షా మైదానం తెరిచారు. మా ఊళ్లో గంపలెత్తుకుని రోడ్డు దాటే ఆడవాళ్లు గీతలు వెతుక్కోరు. "వాళ్లని ఏ రకంగా ప్రకటిస్తారు మేడమ్?" అనడిగింది ఓ విద్యార్థిని.