ఆస్పత్రి కాగితం ఎవరి చేతిలో ఉండాలి?

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ఊళ్లలో డెబ్బై దాటిన వాళ్లను ఆస్పత్రి కాగితాలు అడిగితే బట్టల దుకాణం కవరొకటి తెస్తారు. రేషన్ కార్డు, పాసుపుస్తకం, మడతల్లో చిరిగిన ఓపీ చీటీలు, అచ్చు వెలిసి తెల్లబోయిన ఈసీజీ అన్నీ అందులోనే. చీటీల్లో కొన్ని కర్నూలువి, కొన్ని బళ్ళారివి.

ఇలా రెండు చోట్లకు చెదరడం వెనక 1953 ఉంది. అంతవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లావి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన అక్టోబరు 1న అవి ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత మారినా జబ్బు చేస్తే రైలెక్కే దిక్కు మారలేదు. కర్నూలులో 1957లో, బళ్ళారిలో 1961లో వైద్య కళాశాలలు వచ్చాక ఒకే మనిషి వైద్యం రెండు రాష్ట్రాల దస్త్రాల్లోకి చేరింది. మిరపకోతలకు గుంటూరు వైపు, కూలికి బెంగళూరు వెళ్లే కోసిగి, పెద్దకడబూరు జనానికైతే ఇంకా ఎక్కువ చోట్ల.

ఇలా చెదిరినవాటిని ఒకచోట చేర్చే ఆలోచన పాతదే. అమెరికాలో మేయో క్లినిక్ 1907లోనే ఒక్కో రోగికి ఒక నంబరు, ఒకే ఫైలు పెట్టింది. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది కానీ ఫైలు మాత్రం ఆస్పత్రి బీరువాలోనే ఉండిపోయింది. ఇక్కడా అంతే. ఇంటికొచ్చేది డిశ్చార్జి సమ్మరీ. రోజువారీగా రాసిన కేస్ షీటు అక్కడే ఆగుతుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదల కేసు వివరాలు మొదటిసారి పెద్ద ఎత్తున కంప్యూటర్‌కెక్కాయి. అదీ ఆపరేషన్‌కు అనుమతి కోసం, బిల్లు కోసం. ముసలాయన చేతికి మళ్లీ కాగితమే.

ఆ కాగితానికి ఏపాటి భద్రత ఉందో 2009 అక్టోబరులో తెలిసింది. తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచెత్తింది. నానిపోయిన రేషన్ కార్డుకు నకలిచ్చే ఆఫీసు ఉంది, పదేళ్ల నాటి ఎక్స్‌రేకి లేదు. పెద్దవాళ్లకు ఆ పాత కాగితమే ప్రాణం. క్రియాటినిన్ ఇవాళ ఎంతో చెబితే డాక్టరుకు సగమే తెలుస్తుంది. రెండేళ్ల కిందట ఎంతో చూస్తేనే కిడ్నీ దెబ్బతింటోందో, నిలకడగా ఉందో అర్థమవుతుంది.

చట్టం మాత్రం రోగి పక్షానే ఉంది. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలి. రోగిగానీ, ఆయన తరఫువాళ్లుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఈ మాట ప్రతి ఆస్పత్రి గోడ మీదా పెద్దక్షరాల్లో ఉండాల్సింది. ఆరోగ్య రికార్డుల కోసం 2021లో దేశమంతటా మొదలైన డిజిటల్ మిషన్ ఆభా అనే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరిస్తోంది. మంచిదే. కానీ ఆస్పత్రి జతచేయని పాత రికార్డు అందులోకి తనంతట తాను రాదు, మనవడి ఫోను లేనిదే చాలామంది పెద్దలకు అది తెరుచుకోదు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు ఆస్పత్రిలో ఉండి వస్తే, మూడేళ్ల గడువు దాటకముందే కేస్ షీటు నకలుకు దరఖాస్తు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఈసీజీని వెలిసిపోకముందే జిరాక్సు తీయించండి.